వెస్ట్‌పోర్ట్ సాల్మన్ చార్టర్: పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళచ్చా?

వెళ్ళచ్చు. చార్టర్ అంటే డబ్బు కట్టి చేపలు పట్టడానికి సముద్రంలోకి వెళ్ళే బోటు ట్రిప్పు, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగేదే. కాకపోతే బుకింగ్ ఆఫీసు వాళ్ళ మాట నమ్ముకుని కాదు, మీరే నాలుగు విషయాలు అడిగి తెలుసుకుని వెళ్ళాలి. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో చేపలంటే ప్రాణం పెట్టేవాళ్ళు బోలెడుమంది, కానీ కాస్ట్‌కోలో ముక్క కొనుక్కోవడమే తప్ప సముద్రంలోకి వెళ్ళి సాల్మన్ పట్టచ్చని, అదీ జన్మలో గాలం ముట్టుకోనివాళ్ళు కూడా పట్టచ్చని చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వెళ్ళింది నేను, మావారు, పన్నెండేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప, వేసవికి రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్న. బోటు పేరు రాయడం లేదు. ఆఫీసు మీద నాకున్న ఫిర్యాదులు వాళ్ళకే నేరుగా రాసి పంపాను. వెస్ట్‌పోర్ట్ మెరీనాలో ఇలాంటి బోట్లు చాలా ఉన్నాయి, పద్ధతి అన్నిటిదీ ఇంచుమించు ఒకటే, కాబట్టి మీరు ఏది బుక్ చేసుకున్నా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

వెస్ట్‌పోర్ట్ సియాటిల్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. ఒలింపియా దాకా ఐ-5 మీద వెళ్ళి, అక్కణ్ణుంచి అబర్డీన్ మీదుగా పోవాలి. గ్రేస్ హార్బర్ అనే అఖాతం పసిఫిక్ సముద్రంలో కలిసే చోట దక్షిణపు కొసన ఉన్న చిన్న ఊరు, పీతలూ చేపలే దాని బతుకుతెరువు. 1898లో కట్టిన లైట్‌హౌస్ ఉంది, 107 అడుగులు, వాషింగ్టన్ రాష్ట్రంలో అదే ఎత్తైనది. ముందు రోజు మధ్యాహ్నానికే చేరుకుంటే అది చూసేయచ్చు. ముందు రోజే వెళ్ళి అక్కడ పడుకోవడం మాత్రం తప్పనిసరి అనే అంటాను, ఎందుకంటే తెల్లవారుజామున ఐదింటికల్లా బోటు దగ్గర ఉండమంటారు, అర్ధరాత్రి పిల్లల్ని లేపి కారెక్కించి తీసుకెళ్తే నిద్రలేమి తోడై సముద్రం మీద వాంతులు రెట్టింపవుతాయి.

ఖర్చు విషయం. పెద్ద బోటులో మనిషికి రెండు వందల డాలర్ల పైచిలుకు పడింది, పిల్లలకీ అంతే. రాడ్లు, ఎర, గాలాలు అన్నీ అందులోనే. లైసెన్స్ వేరు. అది ఒక రోజుకి కూడా ఇస్తారు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూడా తీసుకోవచ్చు, మా నాన్నకి అలాగే తీసుకున్నాం. పదిహేనేళ్ళు నిండని పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు కానీ పట్టిన చేప రాసుకునే క్యాచ్ రికార్డ్ కార్డ్ మాత్రం ఉండాలి, ఈ సంగతి ఆఫీసు వాళ్ళు ఫోన్‌లో చెప్పలేదు, తీరా చీకట్లో కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాక చెప్పారు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. ఇవి కాక చేప కోసి ముక్కలు చేసినందుకు వేరే డబ్బు, డెక్‌హ్యాండ్‌కి, అంటే బోటు మీద మనకి సాయం చేసే కుర్రాడికి, టిప్పు పదిహేను నుంచి ఇరవై శాతం. ఇవన్నీ కలుపుకుని లెక్క వేసుకోండి, వెబ్‌సైట్‌లో కనిపించే రేటు ఒక్కటీ చూసి కాదు.

బోట్లలో రెండు రకాలు. మేము ఎక్కింది యాభై అడుగుల పెద్దది, పదిహేను మంది దాకా ఉన్నాం. ఆరుగురికి మించి ఎక్కించుకోని చిన్న బోట్లు కూడా ఉంటాయి, వాటిని సిక్స్-ప్యాక్ అంటారు. చిన్నదానిలో మన కుటుంబమే ఉంటుంది, పిల్లల మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు, కానీ ఖర్చు ఎక్కువ, ఊపు కూడా ఎక్కువే. పెద్దదానిలో కూర్చోడానికి క్యాబిన్ ఉంటుంది, బాత్రూం ఉంటుంది, పెద్దవాళ్ళు ఉంటే నేనైతే పెద్దదే ఎక్కమంటాను.

ఇక నా అసలు ఫిర్యాదు. బుక్ చేసేటప్పుడు చిన్నపిల్ల ఉంది, డెబ్భై దాటిన మా నాన్న ఉన్నారు, సముద్రం ఎలా ఉంటుందని నేను స్పష్టంగా అడిగాను. జూలైలో చెరువులా ఉంటుంది, ఏం భయం లేదు అన్నారు. ఆ రోజు అలలు ఏడడుగులు. ప్రమాదం అనను, కెప్టెన్ చాలా జాగ్రత్త మనిషి, కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి అది చెరువు కాదు. టికెట్ అమ్ముకోవడం కోసం ఇలా చెప్పడం తప్పు, నాకు నిజంగా కోపం వచ్చింది. మీరు మాత్రం ఎవరినీ అడక్కుండా ముందు రోజు రాత్రి ఎన్‌ఓఏఏ (అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ) వాళ్ళ మెరైన్ ఫోర్‌కాస్ట్, అంటే సముద్ర వాతావరణ సూచన, చూసుకోండి. అందులో అల ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా ఉంటుంది, అదే ముఖ్యం. ఏడడుగుల అల పన్నెండు పదమూడు సెకన్లకి ఒకటి వస్తే బోటు మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, హాయిగానే ఉంటుంది. అదే అల ఏడెనిమిది సెకన్లకే వస్తే కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. మాకు తగిలింది ఈ రెండో రకం.

అన్నిటికంటే కష్టమైన భాగం మొదటి అరగంటే. హార్బర్ నీళ్ళు సముద్రంలోకి వెళ్ళే మొగ దాటాలి, ఇక్కడివాళ్ళు బార్ అంటారు. నీరు బయటికి తీసే సమయంలో లోపలి ప్రవాహం, బయటి నుంచి వచ్చే అలలు ఎదురెదురుగా కొట్టుకుని, అలలు నిటారుగా లేస్తాయి. కోస్ట్‌గార్డ్ స్టేషన్ అక్కడే ఉంది, పరిస్థితి బాగోకపోతే బార్ మూసేస్తారు, అప్పుడు ఎవరూ బయటికి పోవడానికి ఉండదు. మా నాన్నకి ఇదేం కొత్త కాదు, అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి మొగలో ఆయన చిన్నప్పుడు నాటు పడవల మీద తిరిగారు, "పాటు నీళ్ళలో మొగ దాటకూడదమ్మా, వీళ్ళు పోటు చూసుకునే బయల్దేరారు, తెలిసినవాళ్ళే" అని ఆయన అన్నాక నాకు ధైర్యం వచ్చింది. బార్ దాటేంతవరకు అందరినీ క్యాబిన్‌లో కూర్చోబెట్టారు, పిల్లలకి సరిపడే లైఫ్ జాకెట్లు అడగ్గానే ఇచ్చారు. పిల్లల సైజు ఉన్నాయో లేవో బుకింగ్‌లోనే అడగండి, పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి వేస్తే లాభం లేదు.

పాపకి వాంతులయ్యాయి. బాబుకి కాలేదు, మావారికి అయ్యాయి. మందు వేసుకునే బయల్దేరాం, అయితే మందు బోటు ఎక్కేశాక వేసుకుంటే కాదు, ముందు రోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకుంటేనే పనిచేస్తుందని డెక్‌హ్యాండ్ చెప్పాడు. పిల్లలకి ఎంత వెయ్యాలో డాక్టర్‌ని అడిగి వెయ్యండి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళద్దు, అలాగని నూనె, కారం వద్దు. మేము ఇడ్లీలు తిని వెళ్ళాం, దారికి అల్లం మురబ్బా పట్టుకెళ్ళాం, అది నిజంగా పనిచేసింది. వికారం మొదలైతే క్యాబిన్‌లోకి దూరకూడదు, అదే అందరూ చేసే పని, లోపల డీజిల్ వాసనకి ఇంకా ఎక్కువవుతుంది. బోటు వెనక భాగంలో నిలబడి, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసేచోట చూపు పెట్టాలి, ఫోన్ ముట్టుకోకూడదు. ఆ డెక్‌హ్యాండ్ కుర్రాడు పాపని తన పక్కనే నిలబెట్టుకుని, మొహం కడిగించి, చల్లటి గుడ్డ ఇచ్చి, కాసేపటికి "నాకు సాయం చేస్తావా" అని ఎర చేపల డబ్బా దాని చేతికిచ్చాడు. పనిలో పడ్డాక పిల్ల తేరుకుంది. ఆ ఒక్కదానికే నేను అతనికి ఎంత టిప్పు ఇచ్చినా తక్కువే అనుకున్నాను.

ఇక చేపల వేట. వెస్ట్‌పోర్ట్‌లో ఎక్కువ బోట్లు ఇంజన్ ఆపేసి బోటుని నీటి వాలుకి వదిలేసి పడతాయి, దీన్ని మూచింగ్ అంటారు. ఒక్కొక్కరికీ ఒక రాడ్. డెక్‌హ్యాండ్ హెర్రింగ్ చేప తీసుకుని తలని ఏటవాలుగా కోసేస్తాడు, ఆ కోత వాలుని బట్టే ఎర నీళ్ళలో గిరగిరా తిరుగుతుందట, గాయపడ్డ చేపలా కనిపిస్తుందట. దానికి రెండు గాలాలు ఒకదాని వెనక ఒకటి గుచ్చుతాడు, పైన సీసం గుండు. గాలాలకి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు, ఇక్కడ సాల్మన్‌కి అదే రూలు, వదిలేయాల్సిన చేపకి గాయం తక్కువ కావాలని. ఆ తర్వాత "పన్నెండు పుల్స్" అని అరుస్తాడు. రీలు దగ్గర దారం పట్టుకుని రాడ్ మీది మొదటి రింగు దాకా లాగితే ఒక పుల్, సుమారు రెండడుగులు, అంటే ఎర పాతిక అడుగుల లోతుకి వెళ్తుంది. చేపలు ఏ లోతులో ఉన్నాయో కెప్టెన్ పైనుంచి సోనార్‌లో చూసి చెబుతూనే ఉంటాడు, పిల్లలకి ఈ పుల్స్ లెక్కపెట్టడం భలే నచ్చింది.

చేప కొట్టిందంటే రాడ్ వంగిపోతుందనే అనుకుంటాం కదా, చాలాసార్లు అలా జరగదు. చిన్నగా టక్ టక్ మని రెండు సార్లు తగులుతుంది, అంతలో దారం వదులైపోతుంది, చేప పోయిందని వదిలేస్తారు కొత్తవాళ్ళు, కానీ సాల్మన్ ఎర నోట్లో పెట్టుకుని పైకి ఈదుతోందన్నమాట, అప్పుడే గబగబా రీలు తిప్పాలి. గాలానికి ముల్లు లేదు కాబట్టి దారం ఒక్క క్షణం వదులైనా చేప తప్పించుకుంటుంది. అలాగని అది పరిగెత్తేటప్పుడు ఎదురు లాగకూడదు. బాబుకి పెద్ద చేప తగిలి దారం జర్రున పోతుంటే వాడు కంగారుపడి రీలు తిప్పబోయాడు, నాన్న వెనక నిలబడి వాడి మోచేతులు పట్టుకుని "లాగకు నాన్నా, పోనీ, దాన్ని పోనీ, అలిశాక అదే వస్తుంది" అంటూ ఉన్నారు. డెక్‌హ్యాండ్‌కి తెలుగు రాదు, మా నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఇద్దరూ ఒకే సమయంలో ఒకే మాట చెప్పారు. చేప పక్కకొచ్చాక తల ముందు వచ్చేలా వలలోకి ఎక్కించారు. పద్నాలుగు పౌన్ల కింగ్ సాల్మన్. వెన్ను ముదురు పచ్చ, పక్కలు కొత్త వెండి గిన్నెలా మెరుస్తూ, పొలుసు చేతికంటుకుంటోంది. డెక్‌హ్యాండ్ దాని నోరు తెరిచి చూపించాడు, చిగుళ్ళు నల్లగా ఉంటే కింగ్, తెల్లగా ఉంటే కోహో అనే ఇంకో రకం సాల్మన్. తోక చూసినా తెలుస్తుంది, కింగ్‌కి తోక పైభాగం మీదా కింది భాగం మీదా మచ్చలుంటాయి, కోహోకి పైభాగంలోనే. బేసి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ కూడా వస్తుంది, అది చిన్నది.

నన్ను అన్నిటికంటే కదిలించింది చేపల్ని వదిలేయడం. కోహోలో హ్యాచరీలో పెంచి వదిలినవాటినే ఉంచుకోవాలి, నదుల్లో సహజంగా పుట్టినవి వదిలేయాలి. గుర్తు ఏమిటంటే వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్యలో వేలి కొసంత చిన్న రెక్క ఒకటి ఉంటుంది, హ్యాచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కోసేస్తారు. ఆ రెక్క ఉంటే అడవి చేప. దాన్ని బోటు మీదికి కూడా తీసుకురాకూడదు, నీళ్ళలో ఉండగానే గాలం తప్పించి పంపేయాలి. మా నాన్న పట్టిన మొదటి చేపే మంచి కోహో, ఆ చిన్న రెక్క ఉంది. వదిలేస్తుంటే ఆయనకి మనసొప్పలేదు, మొహంలో తెలిసిపోయింది. కాసేపయ్యాక ఆయనే పాపని పక్కన కూర్చోబెట్టుకుని పులస గురించి చెప్పారు, అది కూడా ఈ సాల్మన్ లాగే సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుందని, ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదని, పుస్తెలమ్మి అయినా పులస తినాలి అని అందరూ తిన్నారే గానీ గుడ్లతో ఉన్నదాన్ని వదిలేద్దామని ఎవరూ అనుకోలేదని. సాల్మన్ అయితే గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, దానికి ఒక్కటే అవకాశం. పాప ఆ తర్వాత ప్రతి చేపకీ ముందు వీపే చూసింది.

ఈ రూళ్ళు విసుగనిపించేవాళ్ళకి ఒక మాట. ప్రతి వసంతంలో ఎన్ని చేపలు పట్టచ్చో రాష్ట్ర ప్రభుత్వం, గిరిజన తెగలు, చేపల వేట వ్యవహారాలు చూసే ఫెడరల్ కౌన్సిల్ కూర్చుని లెక్క తేలుస్తారు, 1974లో బోల్ట్ అనే ఫెడరల్ జడ్జి ఇచ్చిన తీర్పు ప్రకారం పట్టదగిన చేపల్లో సగం ప్రభుత్వంతో ఒప్పందాలున్న తెగలవి. వెస్ట్‌పోర్ట్‌లో సీజన్ మామూలుగా జూన్ చివర్లో మొదలై సెప్టెంబర్ దాకా ఉంటుంది, కోటా అయిపోతే ముందే ఆపేస్తారు. మేము వెళ్ళినప్పుడు మనిషికి రెండు చేపలు, అందులో కింగ్ ఒక్కటే. ఇది ఏటేటా మారుతుంది, మధ్యలో కూడా మారుతుంది, డబ్ల్యూడీఎఫ్‌డబ్ల్యూ (వాషింగ్టన్ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ) వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి. కాలిఫోర్నియాలో 2023, 2024 రెండేళ్ళూ సముద్రంలో సాల్మన్ పట్టడమే ఆపేశారు, నదుల్లోకి తిరిగొచ్చే చేపలు అంతగా తగ్గిపోయాయి. వదిలేసిన చేప విలువ అప్పుడు తెలుస్తుంది.

ఒడ్డుకి వచ్చాక బోటు దగ్గర ప్రభుత్వ ఉద్యోగిని ఒకామె కర్రలాంటి పరికరం పట్టుకుని ప్రతి చేప తలా తడిమింది. కొన్ని హ్యాచరీ చేపల ముక్కులో మిల్లీమీటరు పొడవుండే తీగ ముక్క పెడతారట, దాని మీది అంకెని బట్టి ఏ హ్యాచరీలో ఏ ఏడాది పుట్టిందో తెలుస్తుంది. మా చేపల్లో ఒకటి బీప్ మంది, ముక్కు భాగం కోసి తీసుకుంది. బాబు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా సమాధానం చెప్పింది. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడ ఒక పది నిమిషాలు ఆగండి, మ్యూజియంలో దొరకని పాఠం.

చేప కోయడం డెక్‌హ్యాండ్‌లే చేస్తారు, చూస్తుండగానే ఎముక తీసి రెండు పలకలుగా చేసి ఇచ్చారు. ఇక్కడ మనం తప్పకుండా అడగాల్సింది ఒకటి ఉంది: తలకాయలు, మధ్య ముల్లు, గుడ్లు అన్నీ మాకే కావాలని ముందే చెప్పండి, లేకపోతే అవన్నీ పక్షులకి పోతాయి. నేను చెప్పబట్టి దొరికాయి. కింగ్ తలకాయ పులుసు ఎంత బాగుందంటే, నాన్న ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. కోహో ముక్కలు పులుసుకి బాగుంటాయి, కానీ మన బొచ్చె, శీలావతి లాగా మొదటి నుంచీ ఉడికిస్తే విడిపోతాయి, చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాల్లో దించేయాలి. కింగ్‌లో కొవ్వు ఎక్కువ, అది పులుసులో వేస్తే నూనె తేలిపోతుంది, పసుపు, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించుకోండి, నూనె చుక్క వేస్తే చాలు. ఐస్‌తో నింపిన పెద్ద కూలర్ కారులో ఉంచుకోవడం మర్చిపోకండి, అక్కడ కొంటే రేటు ఎక్కువ.

బోటుకీ కెప్టెన్‌కీ ఐదుకి నాలుగు ఇస్తాను. రాడ్లలో ఒకటి రెండు పాతవి, రీలు బిగుసుకుపోయేది, అడగ్గానే మార్చారు. బాత్రూం శుభ్రంగానే ఉంది, కానీ మెట్లు నిటారుగా దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, మా నాన్నని మావారు పట్టుకుని దింపాల్సి వచ్చింది. డెక్‌హ్యాండ్‌కి ఐదుకి ఐదు, ఆరు ఉంటే అదీ ఇచ్చేదాన్ని. ఆఫీసుకి రెండు. ఆ రెండూ కూడా డబ్బు విషయంలో నిజాయితీగా ఉన్నందుకు, వాతావరణం బాగోక కెప్టెన్ ట్రిప్ ఆపేస్తే మొత్తం వెనక్కిస్తామన్నారు, రాతపూర్వకంగా కూడా ఇచ్చారు.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని నేనైతే తీసుకెళ్ళను, ఏడెనిమిది గంటలు ఒడ్డుకి రావడం కుదరదు, ఒక్కరి కోసం బోటు తిప్పరు. నడుం ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు వద్దు. మిగతా పెద్దవాళ్ళు మందులు, స్వెటర్, పైన వాన కోటు, జారని చెప్పులు తీసుకుని నిశ్చింతగా రావచ్చు, జూలైలో కూడా సముద్రం మీద చలి ఎముకలు కొరికేస్తుంది. శాకాహారులు తోడు వస్తామంటే చేప పట్టకుండా ఊరికే వచ్చేవాళ్ళకి తక్కువ టికెట్ ఉంటుందేమో అడగండి, మా బోటులో ఉంది, పక్షులు, అప్పుడప్పుడు తిమింగలాలు కనిపిస్తాయి కాబట్టి వాళ్ళకీ కాలక్షేపమే.

నెల ఎంచుకునే వీలుంటే ఆగస్టు రెండో సగం చూడండి. కింగ్ మీద ఆశ ఉంటే సీజన్ మొదట్లోనే మేలు, కోటా ఉంటుంది కాబట్టి. కోహో మాత్రం వేసవంతా తింటూ పెరుగుతూనే ఉంటుంది, జూన్‌లో నాలుగు పౌన్లున్నది సెప్టెంబర్‌కి దాదాపు రెట్టింపవుతుందని డెక్‌హ్యాండ్ చెప్పాడు. బడి తెరవకముందు శని, ఆదివారాలు చాలా ముందే నిండిపోతాయి, వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగితే బోటులో జనం తక్కువ, రాడ్‌కీ రాడ్‌కీ మధ్య చోటు ఎక్కువ, పిల్లల దారాలు పక్కవాళ్ళ దారాలతో చిక్కుపడవు.